గదిలో ఒక్కరే ఉండాలి

మొన్న పొద్దుగూకే వేళ పక్క గుంపు నుంచి ఒక పిల్ల మా ఇంటికి వచ్చింది. ఇంటర్ అవగానే పెళ్ళి చేశారు. చంకలో బిడ్డ. దూరవిద్యలో బీఏ కట్టింది. ఫోను చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి, "అక్కా, పరీక్ష సెంటరు ఏది పెట్టమంటావు? ఇందులో ఏవేవో ఊళ్ళు చూపిస్తోంది. మన చింతూరు లేదు" అంది.

పాఠాలు అర్థం కావడం లేదని ఆ పిల్ల అనలేదు. పుస్తకాలు రాలేదని కూడా అనలేదు. సెంటరు ఎక్కడ పెట్టుకోవాలి అన్నదే ఆమె బాధ. లోపలికి రమ్మని, చాప వేసి, బిడ్డను నేను ఎత్తుకున్నాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు ఆ రాత్రి చాలలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది చింతూరు మండలం, శబరి ఒడ్డు. కోయవాళ్ళం. నేను అంగన్‌వాడీ టీచరుని. నాకు చదువు మీద మొదటి నుంచీ ఇష్టమే గానీ, ఇంటర్‌తో ఆగిపోయింది. ఆగిపోయిన వాళ్ళకు దూరవిద్య ఉందని చెప్పింది మా ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెప్పిన ఒక సారు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే మొదలైందనీ, ఢిల్లీలో ఇగ్నో వచ్చింది ఆ తర్వాత 1985లోననీ, ఉద్యోగం చేసుకునేవాళ్ళు, పిల్లల తల్లులు, కూలికి పోయేవాళ్ళు ఇంటి దగ్గరే చదువుకుని డిగ్రీ తెచ్చుకోవచ్చనీ ఆయన చెప్పారు. అన్నీ నిజమే. నేను ఎక్కడ చదివాను అన్నది ఇక్కడ చెప్పను. ఎవరి మీదా ఫిర్యాదు రాయడానికి కూర్చోలేదు.

దూరవిద్య అంటే చదువే దూరం నుంచి మన దగ్గరికి వస్తుందని నేను అనుకున్నాను. పుస్తకాలు వచ్చాయి. ఇప్పపువ్వు ఏరడానికి పోయినప్పుడు కూడా సంచిలో పెట్టుకుని పోయేదాన్ని. తెల్లారక ముందే చెట్టు కిందికి పోయి ఏరడం మొదలుపెడితే, ఎండెక్కాక ఒక గంట నీడన కూర్చోవచ్చు. చరిత్ర పుస్తకం మొత్తం అట్లా ఇప్పచెట్టు కిందే అయిపోయింది. ఇప్పటికీ ఆ పుస్తకం తెరిస్తే అక్కడక్కడా ఇప్పపువ్వు మరకలు ఉంటాయి. కానీ పరీక్ష మన దగ్గరికి రాదు. దాని దగ్గరికి మనమే పోవాలి.

మొదటి ఏడాది పరీక్షలు 2013 మే నెలలో పడ్డాయి. మే అంటే మాకు తునికాకు. యాభై ఆకులు ఒక కట్ట. తెల్లారుజామున పోయి కోసుకొచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లంలో అప్పజెప్పాలి. ఏడాదిలో చేతికి డబ్బు వచ్చే రోజులు అవే. ఆ రోజుల్లో ఒక మనిషి వారం పది రోజులు ఇంట్లో లేకుండా పోతే ఎన్ని కట్టలు తగ్గుతాయో ఇంట్లో అందరికీ తెలుసు. మా అత్త ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది. పరీక్ష ఫీజు కూడా అంతకు ముందు ఏడాది తునికాకు డబ్బులోంచి ఆమే ఇచ్చింది.

సెంటరు భద్రాచలం. అప్పుడు మేమంతా ఖమ్మం జిల్లాయే. నా బిడ్డకు తొమ్మిది నెలలు. పరీక్ష ఒకరోజు ఉంటే రెండు రోజులు ఖాళీ, మళ్ళీ ఒకరోజు. ప్రతిసారీ ఇంటికి వచ్చి పోవడానికి బస్సులూ కుదరవు, డబ్బూ చాలదు. మా ఆయన మేనత్త కూతురు భద్రాచలంలో ఒక కాలనీలో అద్దెకు ఉండేది. ఒకే గది. వాళ్ళు నలుగురు, మేము ముగ్గురం. వాళ్ళు రాత్రి డాబా మీద పడుకుని మాకు గది ఇచ్చారు. పరీక్షకు నేను చేసుకున్న ఏర్పాట్లలో ఇది మొదటిది. దీని గురించి ఏ పుస్తకంలోనూ, ఏ నోటిఫికేషన్‌లోనూ ఉండదు. అంగన్‌వాడీకి సెలవు అడగడం, నేను లేనన్ని రోజులు పిల్లలకు గుడ్లు, పాలు ఎవరు పంచాలో చూసుకోవడం, రిజిస్టరు ఆయా చేతికి అప్పజెప్పడం వేరే.

పరీక్ష మూడు గంటలు. బయట వేపచెట్టు కింద మా ఆయన బిడ్డను ఎత్తుకుని నిలబడ్డాడు. రెండో గంటలో బిడ్డ ఏడుపు కిటికీలోంచి వినపడింది. అంతమంది బిడ్డల ఏడుపులో మన బిడ్డ ఏడుపు తెలిసిపోతుంది కదా. నా రవిక తడిసిపోయింది. కొంగు ముందుకు లాక్కుని రాస్తూనే ఉన్నాను. ఇన్విజిలేటరు ఒక పెద్దావిడ. నా బల్ల దగ్గరికి వచ్చి, తడిసిన కొంగు చూసి, కిటికీ వైపు చూసి, "పోయి అయిదు నిమిషాల్లో రా అమ్మా" అంది. అలా పంపకూడదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. నాతోపాటు గుమ్మం దాకా వచ్చి, అక్కడే నిలబడి, నేను పాలిచ్చేదాకా నా వైపే చూసింది. కాపలా కాయడం అంటే అది అని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆమె తన పని వదిలిపెట్టలేదు. నన్నూ వదిలిపెట్టలేదు.

మరుసటి ఏడు రాష్ట్రం విడిపోయింది. పోలవరం ముంపు పేరుతో మా మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది. మేము రాత్రి ఒక రాష్ట్రంలో పడుకుని పొద్దున ఇంకో రాష్ట్రంలో లేచినట్టు అయింది. ఖమ్మం జిల్లా పోయి తూర్పుగోదావరి వచ్చింది. తర్వాత అదీ పోయి 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. మా ఇల్లు మాత్రం శబరి ఒడ్డున ఎక్కడ ఉన్నదో అక్కడే ఉంది. పరీక్ష ఫారం పట్టుకుని పోతే కౌంటరులో ఆయన, "మీది ఇప్పుడు అటు రాష్ట్రం కదా, మీరు రాజమండ్రి పెట్టుకోవాలేమో" అన్నాడు. రాజమండ్రి పోవాలంటే మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగాలి. నూరు కిలోమీటర్లకు పైనే. అక్కడ మాకు ఒక్క చుట్టం లేడు. పేరు కట్టింది ఇక్కడే కదా, బస్సు వచ్చేది ఇక్కడికే కదా అని బతిమిలాడి, ఒక కాగితం రాసిచ్చి, మూడుసార్లు తిరిగి, భద్రాచలమే ఉంచుకున్నాను. ఆ మూడుసార్ల బస్సు చార్జీలు పరీక్ష ఫీజు కన్నా ఎక్కువయ్యాయి.

మూడో ఏడు ఇంటిపేరు గొడవ వచ్చింది. మాది మడివి ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్లో మడివి అనే ఉంది. ఆధార్ తీసిన పిల్లాడు మాడివి అని కొట్టాడు. ఆ ఒక్క దీర్ఘం పట్టుకుని హాల్లో ఒక ఇన్విజిలేటరు నా హాల్‌టికెట్టూ ఆధారూ పక్కపక్కన పెట్టి పది నిమిషాలు చూశాడు. "ఈ ఇద్దరూ ఒకరేనా?" అన్నాడు. ఎదురుగా ఉన్నదాన్ని నేను ఒక్కదాన్నే. నా వెనక బల్ల మీద ఒకాయన అప్పటికే చీటీలు తీసి రాసుకుంటున్నాడు. అతని ఇంటిపేరులో తేడా లేదు కాబట్టి అటు ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం వరకు రాయనిచ్చి, మర్నాటికి గెజిటెడ్ అధికారి సంతకంతో కాగితం తెమ్మన్నారు. తెలియని ఊళ్ళో ఒక్క సాయంత్రంలో గెజిటెడ్ సంతకం ఎక్కడ దొరుకుతుంది? మా చుట్టపామె పనిచేసే ఇంటి యజమాని ప్రభుత్వ డాక్టరు. ఆమె అడిగితే ఆయన సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చారు. నన్ను ఆయన అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. నేను పుట్టినప్పటి నుంచి నన్ను ఎరిగిన మా ఊరి పెద్ద సంతకం మాత్రం చెల్లదు.

కాపలా వద్దని నేను అనను. చీటీలు పెట్టి రాసిన డిగ్రీ, నేను ఇప్పచెట్టు కింద చదివి తెచ్చుకున్న డిగ్రీ ఒకే రంగు కాగితం మీద వస్తాయి. కాపలా లేకపోతే నా కాగితానికి విలువ లేదు. కానీ ఎవరిని చూస్తున్నారు, దేన్ని చూస్తున్నారు అన్నదే నాకు తెగలేదు.

ఒక పేపరు మిగిలిపోయి 2016లో బీఏ పూర్తయింది. టీచరు ఉద్యోగం రావాలని ఆశ. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న ఇచ్చిన జీవో 3 ఉండేది కదా. బీఈడీ ఎట్లా చేయాలా అని డబ్బులు కూడబెట్టుకుంటూ ఉండగానే 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి ఆ జీవోను కొట్టేసింది. ఊరంతా లాక్‌డౌన్‌లో ఉంది. ఆ వార్త నాకు ఫోనులో వచ్చింది. దాని గురించి ఈ పుస్తకంలోనే వేరేవాళ్ళు నాకన్నా బాగా రాస్తారు. నా మటుకు నేను రెండు రోజులు పుస్తకం ముట్టలేదు. తర్వాత, చేస్తున్న పనికి సంబంధించినదే చదువుదామని, చిన్నపిల్లల సంరక్షణ, బడికి ముందు చదువు మీద ఒక డిప్లొమాలో చేరాను. అదీ దూరవిద్యే. చాలా దూరపు విద్య. ఆ సంస్థ ఉన్న ఊరు నేను ఇప్పటికీ చూడలేదు.

కరోనా వల్ల పరీక్షలు ఇంటి నుంచే రాయవచ్చు అని మెయిలు వచ్చినప్పుడు నాకు పండగే అయింది. బస్సు లేదు, చుట్టాల గది లేదు, వేపచెట్టు లేదు. ఆ సంతోషం రెండో పేజీ దాకానే నిలిచింది. రెండో పేజీలో షరతులు ఉన్నాయి. కెమెరా ఉన్న ల్యాప్‌టాప్ ఉండాలి. ఇంటర్నెట్ మధ్యలో తెగకూడదు. గదిలో ఒక్కరే ఉండాలి. తలుపు వేసి ఉండాలి. పరీక్షకు ముందు కెమెరా తిప్పి నాలుగు గోడలూ చూపించాలి. చూపు పక్కకు పోకూడదు. వెనక మాటలు వినపడకూడదు. ఇవన్నీ ఒక ప్రోక్టర్ ఎక్కడి నుంచో చూస్తూ ఉంటాడు. ప్రోక్టర్ అనే మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను. మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. మా అత్త 'కెమెరాలో కూర్చునేటాయన' అనేది.

మాది తడిక ఇల్లు. కోయలో ఇంటిని లోను అంటాం. వంట అక్కడే, పడక అక్కడే, పూజ సామాను అక్కడే. ఒక మూల విత్తనాల బుట్టలు, ఒక మూల కోళ్ళ గంప. వేసుకోవడానికి ఉన్నది ఒక వెదురు తలుపు. అది గాలిని ఆపదు, మాటను ఆపదు. నాలుగు గోడలు చూపించమంటే తడికలోంచి పక్కింటివాళ్ళు కూడా కనపడతారు. ఇది రాసిన వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనుకోవడం లేదు. వాళ్ళకు ఇల్లంటే గదులే గుర్తుకొచ్చి ఉంటాయి.

సిగ్నలు సంగతి చెప్పనక్కర్లేదు. మా ఊళ్ళో పోడు పొలం పైన, గుట్ట మీద ఒక బండ ఉంది. అక్కడ నిలబడితే ఫోను పలుకుతుంది. మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతూ కాలేజీ మూసేసి ఇంటికి వచ్చి ఉన్నాడు. ల్యాప్‌టాప్ వాడిది. బండ మీద కూర్చుని ఒకసారి సిస్టం చెక్ చేసి చూశాం. నెట్టు సరిపోయింది. కానీ నాలుగు గోడలు ఎక్కడివి? కెమెరా తిప్పితే ఒకవైపు శబరి, ఒకవైపు జొన్నచేను కనపడ్డాయి. 'గదిని గుర్తించలేకపోతున్నాం' అని ఇంగ్లీషులో వచ్చింది. వాడు పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను గానీ పరీక్ష ఇంక తొమ్మిది రోజులే ఉంది.

వాడే ఒక సంగతి చెప్పాడు. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాల్లో దూరవిద్య చదివేవాళ్ళు తమ ప్రోక్టర్‌ను తామే చూసుకోవచ్చట. దగ్గర్లో ఉన్న లైబ్రేరియనో, టీచరో ఒప్పుకుంటే ఆయన వివరాలు యూనివర్సిటీకి పంపాలి. వాళ్ళు సరేనంటే ప్రశ్నపత్రం ఆయనకే పంపుతారు. ఆయన ఎదుట రాసి ఇస్తే చాలు. ఇది విని నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. చింతూరులో బడి హెడ్‌మాస్టరు సారు నాకు తెలుసు. ముప్పై ఏళ్ళ సర్వీసు. పదో తరగతి పరీక్షలు ఎన్నిసార్లు జరిపించారో. ఆయన ఎదుట రాస్తాను, ఆయన సంతకం పెడతారు, ఒప్పుకోండి అని మెయిలు పెట్టాను. వాడే ఇంగ్లీషులో రాశాడు. మూడు రోజులకు జవాబు వచ్చింది. అలాంటి వీలు లేదు, కెమెరా ద్వారా మాత్రమే.

ఆ జవాబు పట్టుకుని సారు దగ్గరికే పోయాను. "సారూ, మీరు చూస్తే చెల్లదంట. గది మాత్రం కావాలి" అన్నాను. ఆయన నవ్వి, "గది తాళం నా దగ్గరే ఉంది కదమ్మా" అని కంప్యూటర్ల గది ఇచ్చారు. నాలుగు గోడలు, ఇనుప తలుపు, ఫ్యాను. టవరు దగ్గర కాబట్టి సిగ్నలు ఉంది. కరెంటు పోతే రెండు గంటలు నిలిచే బ్యాటరీ ఉంది. పరీక్ష రోజు ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఎవరూ తలుపు కొట్టకుండా. మూడు గంటలూ కూర్చున్నారు. చెల్లని కాపలా బయట, చెల్లే కాపలా లోపల.

మూడు పేపర్లు బాగానే అయ్యాయి. నాలుగోది పిల్లల ఎదుగుదల మీద. నాకు బాగా వచ్చిన సబ్జెక్టు. రోజూ చేసే పనే కదా. అరగంట అయ్యాక తెర మీద ఒక గడి తెరుచుకుంది. 'మీ పెదాలు కదులుతున్నాయి. దయచేసి మాట్లాడకండి' అని ఉంది, ఇంగ్లీషులో.

నేను మాట్లాడటం లేదు. చదువుకుంటున్నాను. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. నేను ఆశ్రమ పాఠశాలలో చేరిన రోజు నాకు తెలుగు రాదు. ఇంట్లో కోయే మాట్లాడతాం. పంతులు గారు చెప్పిన ప్రతి మాటనూ ముందు పెదాల మీద పలికి, ఆ చప్పుడు చెవిన వేసుకుని, దాన్ని కోయలోకి మార్చుకుంటే గానీ నాకు అర్థమయ్యేది కాదు. అలా నేర్చుకున్న చదువు. తెలుగు ఇప్పుడు మనసులో చదువుకోగలను. ఇంగ్లీషు మాత్రం పెదాల మీద పలకకపోతే లోపలికి దిగదు. మాలో చాలామంది ఇంతే. ఏ ఆశ్రమ పాఠశాలలోనైనా స్టడీ అవరులో పోయి చూడండి, తేనెటీగల చప్పుడు వినపడుతుంది.

పెదాలు బిగించుకున్నాను. ప్రశ్న మూడుసార్లు చదివాను. అర్థం కాలేదు. అక్షరాలు కనపడుతున్నాయి, మాట పుట్టడం లేదు. నాకు తెలియకుండానే పెదాలు మళ్ళీ కదిలి ఉంటాయి. గడి మళ్ళీ తెరుచుకుంది. 'మీరు ఎవరితో మాట్లాడుతున్నారు?' అని. కింద జవాబు రాయడానికి చోటు ఉంది. 'నాతోనే' అని ఇంగ్లీషులో టైపు చేశాను. కాసేపటికి, గది మొత్తం మళ్ళీ ఒకసారి చూపించమన్నారు. ల్యాప్‌టాప్ ఎత్తుకుని తిప్పాను. కిటికీ దగ్గర వరండాలో సారు భుజమూ, తెల్లచొక్కా కనపడ్డాయి.

నా కాపలా కోసం కూర్చున్న మనిషే అట్లా నా మీద సాక్ష్యం అయ్యాడు.

పేపరు పూర్తి చేశాను. ఫలితాల్లో మూడింటికి మార్కులు, నాలుగోదానికి ఎదురుగా 'నిలిపివేశాం' అని వచ్చింది. సంజాయిషీ రాయమన్నారు. పెదాల సంగతీ, సారు సంగతీ ఉన్నది ఉన్నట్టు రాశాను. నాకు కొడుకు వరస అయిన ఆ పిల్లాడు, "చిన్నమ్మా, ఇంత వద్దు, క్షమించండి అని రాద్దాం" అన్నాడు. తప్పు చేయనప్పుడు క్షమించమని ఎందుకు రాయాలి? వద్దన్నాను. ఈ విషయంలో వాడు చెప్పినట్టు వినుంటే త్వరగా తేలిపోయేదేమో. నేను కాపీ కొట్టానని వాళ్ళు అనలేదు. కొట్టలేదనీ అనలేదు. ఆ పేపరు మళ్ళీ రాయాలి, ఈసారి సెంటరుకు వచ్చి, మనిషి ఎదుట, అన్నారు. ఇచ్చిన సెంటర్లలో దగ్గరిది రాజమండ్రి. తేదీ 2022 జూలై 18.

మా వైపు జూలై అంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఆ తేదీ వినగానే తల ఊపుతారు. ఆ ఏడు గోదావరి భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక యాభై మూడు అడుగులు ఎప్పుడో దాటేసి, 16వ తేదీన 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు మా పెద్దవాళ్ళు కూడా చూడలేదు. గోదావరి అట్లా నిండినప్పుడు మా శబరి కిందికి పోలేక వెనక్కి తంతుంది. వాగులన్నీ ఎగదన్నాయి. రోడ్లు మునిగాయి. మేము ధాన్యం, కోళ్ళు, మేకలు, ముసలివాళ్ళను తీసుకుని గుట్ట ఎక్కాం. పరదాలు కట్టుకుని ఆ బండ పక్కనే ఉన్నాం. ఏ బండ అంటే, కెమెరాకు గోడలు కనపడని ఆ బండే. హాల్‌టికెట్టు పాలిథిన్ కవరులో చుట్టి బియ్యం బుట్టలో పెట్టాను. ఎందుకు తెచ్చుకున్నానో తెలియదు. 18వ తేదీ పొద్దున్నే లేచి అది తీసి చూసుకున్నాను. కింద చూస్తే మా ఇంటి కప్పు ఒక్కటే కనపడుతోంది. మా అత్త నా చేతిలో కాగితం చూసి, "ఇయ్యాలేనా?" అంది. ఊ అన్నాను. ఆమె ఇంకేమీ అనక జావ కాచడానికి పోయింది.

వరద వల్ల రాలేకపోయానని మెయిలు పెడితే, తర్వాతి విడతలో మళ్ళీ ఫీజు కట్టి రాయవచ్చు అని వచ్చింది. మళ్ళీ ఫీజు. మాకు వచ్చిన వరద సాయంలోంచి కట్టలేను కదా, అది ఇంటి తడికలకు. డిసెంబరు దాకా జీతంలోంచి కొంచెం కొంచెం దాచి కట్టాను. రాజమండ్రిలో రాసింది గంటన్నరలో అయిపోయింది. పెదాలు కదుపుతూనే రాశాను. హాల్లో ఉన్న కుర్రాడు ఒకసారి చూశాడు, దగ్గరికి వచ్చి విన్నాడు, ప్రశ్నే చదువుకుంటున్నానని తెలిసి పోయాడు. అంతే. ఆ ఒక్క అడుగు దగ్గరికి వేయడం కెమెరాకు కుదరలేదు.

ఇదంతా ఆ పక్క గుంపు పిల్లకు ఇంత వరసగా చెప్పలేదు. మధ్యలో బిడ్డ లేచింది, అన్నం తిన్నాం. తనకు పనికొచ్చేవి మాత్రం చెప్పాను. సెంటరు ఏది దగ్గర అని చూడకు, ఎక్కడ రాత్రి పడుకోవడానికి మనిషి ఉంది అని చూడు. ఆధార్‌లో, పదో తరగతిలో ఇంటిపేరు దీర్ఘాలతో సహా ఇప్పుడే సరిచూసుకో, తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకో. ఫారం ఆఖరి రోజు దాకా ఆగొద్దు, నెట్టు పనిచేయదు. వానాకాలం విడత పెట్టుకోకు, శీతాకాలంది పెట్టుకో, ఆరునెలలు పోయినా ఫరవాలేదు. హాల్‌టికెట్టు మూడు ప్రింట్లు తీసి మూడు చోట్ల పెట్టు. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు అసలుది తీసుకుపో, జిరాక్స్ ఒప్పుకోరు. బిడ్డను ఎవరు ఎత్తుకుంటారో ముందే మాట్లాడుకో.

"ఎవరున్నారక్కా, మా ఆయన మిర్చి కోతకు పోతాడు" అంది.

నేనే పోయాను. డిసెంబరులో రెండు రోజులు సెలవు పెట్టి, ఆ పిల్లనూ బిడ్డనూ తీసుకుని భద్రాచలం పోయాం. నేను ఉన్న అదే కాలనీ, ఇప్పుడు మా చుట్టానికి రెండు గదులున్నాయి. పరీక్ష సెంటరు ముందు వేపచెట్టు కొట్టేశారు. రేకుల షెడ్డు వేశారు. దాని కింద నాలాంటి వాళ్ళు ఆరేడుగురు ఉన్నారు, బిడ్డలతో, సంచులతో. ఒక మొగాయన తన భార్య కోసం కూర్చుని ఉయ్యాలకు చీర కట్టడానికి చోటు వెతుకుతున్నాడు. షెడ్డు ఇనుప కమ్మీకి ఇద్దరం కలిసి కట్టాం. రెండు బిడ్డలనూ ఒకే దాంట్లో వేశాం.

గంట కొట్టాక ఆ పిల్ల అందరికన్నా వెనకగా వచ్చింది. ముఖం చూసి ఏమీ అడగలేదు. ఉయ్యాలలోంచి బిడ్డను తీసి భుజాన వేసుకుని, "మూడో ప్రశ్న ఒక్కటి రాలేదక్కా, మిగతావి రాశా" అంది. కాస్త ఆగి, "చింతూరు బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.